అతుకుల బొంత

పొసగని పార్టీలు నాలుగు కలిసి మంత్రివర్గం కట్టినా, మూడు కథలు కలిపి ఒక సినిమా తీసినా "అదంతా అతుకుల బొంత" అని తీసిపారేయడం మనకు అలవాటు. ఆ మాట అనేవారిలో ఎందరు బొంత కుట్టి ఉంటారో నాకు అనుమానమే. కుట్టినవారైతే అంత తేలిగ్గా అనరు. తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికే మనిషిని గనుక ఈపాటి తగువు పెట్టుకోడానికి నాకు హక్కు ఉందనుకుంటాను.

ఈవారం ఈ సంగతి ఎత్తుకోడానికి కారణం ఒక పాఠకురాలి ఉత్తరం. ఆమె తల్లిగారు కిందటేడు పోయారు. ఆవిడ కట్టిన నూలుచీరలు నాలుగు మిగిలాయి. ఇప్పుడు కూతురు పురిటికి వస్తున్నది. పుట్టబోయే బిడ్డకు తాతమ్మ చీరలతో పక్కబొంత కుట్టాలని ఈమె కోరిక. ముందు చేయి సాధించుకోడానికి పాత దుప్పటి పేలికలతో ఒకటి కుట్టి చూశారట. అది విల్లులా ఒక పక్కకు వంగింది. చుట్టూ వేసిన పట్టీ అలలు తేలింది. "అమ్మ చీరలు కోశాక ఇలాగే అయితే మళ్ళీ ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?" అని అడిగారు.

అమ్మా, ఆ పాత దుప్పటి మీద ప్రయోగం చేయడం చాలా తెలివైన పని. వంకర ఎందుకు వచ్చిందో చూద్దాం.

మిషనులో సూది కింద పళ్ళు ఉంటాయి కదా, అవి అడుగుబట్టను ముందుకు లాగుతాయి. పైనున్న పాదం పైబట్టను నొక్కిపెడుతుంది. అందుచేత పైది కొంచెం కొంచెంగా వెనకబడి, చివరకు వచ్చేసరికి అర అంగుళం మిగిలిపోతుంది. ప్రతి పేలికనూ ఒకే చివరినుంచి మొదలుపెడితే ఆ తేడాలన్నీ ఒకే వైపుకు పోగై బొంత వంగుతుంది. ఒక వరస ఎడమనుంచి కుట్టితే పక్క వరస కుడినుంచి మొదలుపెట్టండి. కుట్టబోయే ముందు రెండు చివరలా, నడుమా గుండుసూదులు గుచ్చి, తర్వాత మధ్య మధ్య మరికొన్ని గుచ్చుకోండి. రెండింటిలో ఒకటి వెంట్రుకవాసి పొడవనిపిస్తే దాన్ని అడుగున ఉంచండి, పళ్ళే సర్దుకుంటాయి. మీరు మాత్రం బట్టను చేత్తో లాగవద్దు.

ఇక అంచు తీసుకునే లెక్క. మీ బొంత వెడల్పు 36 అంగుళాలు అనుకుందాం. పేలికలు 2½ అంగుళాల వెడల్పున తీసి, అటూ ఇటూ పావు అంగుళం కుట్టులోకి పోనిస్తే 2 అంగుళాలు పైకి కనబడుతుంది. అంటే 18 పేలికలు, 17 కుట్లు. ఒక్కొక్క కుట్టు వీసం, అంటే అంగుళంలో పదహారో వంతు, లోపలికి జరిగిందనుకోండి. రెండు పేలికలూ నష్టపోతాయి గనుక మొత్తంమీద రెండంగుళాల పైచిలుకు తగ్గిపోతుంది. "వీసమెత్తు తేడా" అని నవ్వి ఊరుకోడానికి లేదు. సూదినుంచి పావు అంగుళం దూరాన మిషను మీద ఒక కాగితప్పట్టీ అంటించి, బట్ట అంచును దాని వెంబడి పోనివ్వండి.

పేలికలు చీర పొడుగునా తీయండి. పడుగు దారాలు అటే ఉంటాయి, ఆ దిక్కున బట్ట సాగదు. అడ్డంగా తీస్తే కొంచెం సాగుతుంది, ఐమూలగా తీస్తే మరీ సాగుతుంది. మూడు దిక్కుల పేలికలూ కలగలిపి కుట్టిన బొంత ఉతికిన తర్వాత ఏ రూపు దాలుస్తుందో చెప్పలేము. నూలుచీరకు గాటు పెట్టి చింపితే దారం వెంబడే తిన్నగా వస్తుంది, తర్వాత ఇస్త్రీ చేసి కొలుచుకోవచ్చు.

పొడుగు చాలక పేలికకు పేలిక అతికితే, ఆ అతుకులు పక్క పక్క వరసల్లో ఒకేచోట రాకూడదు. ఇటుకలగోడ చూడండి, అలాగు. కుట్టిన ప్రతి వరసనూ ఇస్త్రీపెట్టెతో అదమండి, రుద్దవద్దు. లోపలి మడతలు ముదురురంగు వైపుకు తిప్పితే పైకి నీడలా కనబడవు.

మిషను లేనివారు ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ స్త్రీల పద్ధతి తెలుసుకోదగినది. వారి పూర్వులు ఆఫ్రికానుంచి వచ్చినవారు. వీరు కుట్టే బొంతను కవంది అంటారు. ముక్కలను ముందు ఒకదానికొకటి కలపరు. పాతచీర పరిచి, అంచునుంచి మొదలుపెట్టి, ముక్క కొసలు లోపలికి మడిచి, పొడుగు కుట్లతో చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. కొలత సరిపడనిదాన్ని మరో ముక్క కప్పేస్తుంది. ఓపిక ఉన్న చేతులకు ఇంతకంటె సుఖమైన దారి లేదు.

అలలు తేలిన పట్టీ సంగతి. చాలామంది పొడుగాటి పట్టీ పట్టుకుని కుట్టుకుంటూ పోయి, చివర మిగిలింది కత్తిరిస్తారు. అలలు అక్కడే పుడతాయి. బొంత నడుమ కొలవండి, అంచున కాదు. ఆ కొలతకే ఎదురెదురు పట్టీలు రెండూ సమానంగా కోసి, నాలుగు మడతల గుర్తులు పెట్టి, గుర్తుకు గుర్తు కలిపి గుచ్చండి. పట్టీకి పట్టీ అతికేటప్పుడు నేరుగా కాక, ఒకదానిపై ఒకటి అడ్డంగా పెట్టి మూలనుంచి మూలకు కుట్టి, పావు అంగుళం ఉంచి మిగతాది కోసేయండి. లావు ఒకేచోట గడ్డకట్టదు.

నాలుగు చీరలూ వెలుతురుకు ఎత్తి చూసుకోండి. గట్టివి రెండు పేలికలకు. మెత్తనిది బిడ్డ ఒంటికి తగిలే వైపు అతుకు లేకుండా ఒకే ముక్కగా. బాగా పలచబడింది ఒకటి ఉండనే ఉంటుంది, బహుశా ఆవిడ ఎక్కువగా కట్టింది అదే. దాన్ని చింపవద్దు, గట్టిబట్ట పక్కన కుట్టితే కుట్టు దగ్గరే పిగిలిపోతుంది. మడతలు పెట్టి బొంత నడిమి పొరగా పరిచి, జానెడేసి దూరాన టాకాలు వేయండి.