వెదురింటికి వందేళ్లు నిండవు

పాపికొండల్లో పర్యాటకుల విడిది అంటే వెదురు గుడిసే. గోదావరికి రెండు వైపులా వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన ఈ అడవిని 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ పార్కుగా ప్రకటించారు. లాంచీలో వెళ్లినవాళ్లు రాత్రి బస చేస్తూ వచ్చిన కొల్లూరు గుడిసెలు, మారేడుమిల్లి దగ్గర వనసంరక్షణ సమితి నడిపే విడిది రాజమహేంద్రవరం వాళ్లకు కొత్తవి కావు. వీటిని వసతి కిందే జమకడతారు గానీ వారసత్వ సంపద అనుకునేవాళ్లు అరుదు. అనుకోవలసినవే. కాకపోతే ఆ వారసత్వం గుడిసెలో కన్నా దాన్ని కట్టే పనితనంలో ఎక్కువగా ఉంది.

ఈ కట్టుబడికి మూలం ఇక్కడి గిరిజన తెగ కొండరెడ్ల ఇల్లు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఈ కొండల్లో తిరిగి, వాళ్ల జీవితం మీద 1945లో ఒక గ్రంథమే ప్రచురించాడు. నిట్రాడు, దాని మీద దూలం, దూలం నుంచి జారే వాసాలు, అడ్డంగా వెదురు బద్దలు, పైన గడ్డి కప్పు. గోడలకు తడికెలు అల్లి మట్టి మెత్తుతారు. బద్దలు కలిసే చోట మేకులుండవు, కట్లే. వెదురును ఎప్పుడు నరకాలన్నది అసలు విద్య. వానలు వెనకబట్టాక, ముదురు బొంగు చూసి నరకాలి. బొంగులో ఉండే పిండిపదార్థమే పురుగుకు మేత. నరికిన బొంగును కొన్నాళ్లు నీళ్లలో నానేస్తే ఆ పిండి కరిగిపోతుంది. మిగిలిన పని పొయ్యి చూసుకుంటుంది. రోజూ లేచే పొగ కప్పుకు పట్టి పురుగును దగ్గరకు రానివ్వదు. కాబట్టే కాపురమున్న గుడిసె, తాళం వేసిన గుడిసె కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. కంచె వేసి, బోర్డు పెట్టి కాపాడే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

మన చట్టం మాత్రం ఆ పద్ధతినే ఎరుగును. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రాచీన కట్టడం అనిపించుకోవాలంటే కనీసం నూరేళ్లు నిలిచి ఉండాలి. ద్రాక్షారామం రాతికి అది లెక్కలోకే రాదు. వానలో తడిసి ఎండలో ఎండే వెదురుకు అది ఎన్నడూ అందదు. అంటే ఈ కొలబద్ద వయసును కొలుస్తుంది, విద్యను కొలవదు. జపాన్‌లో ఇసే ఆలయాన్ని 20 ఏళ్లకోసారి కొత్త కలపతో తిరిగి కడతారు. ప్రతిసారీ పాత వడ్రంగులు కొత్తవాళ్లకు పని నేర్పుతారు. అక్కడి నారా నగరంలోనే 1994లో రూపొందిన అంతర్జాతీయ పత్రం, ఒక కట్టడం అసలుదా కాదా అన్నది ఆయా సంస్కృతుల పద్ధతిలోనే తేల్చాలని ఒప్పుకుంది. మన గుడిసెకు నప్పేది ఆ పత్రమే.

కొండ పార్కుల్లో మోటు కట్టడాలకు పేరుమోసిన ఉదాహరణ అమెరికాలో ఉంది. యెల్లోస్టోన్ పార్కులో రాబర్ట్ రీమర్ గీసిన నమూనాతో 1903-04లో కట్టిన ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్‌లో దుంగలూ రాళ్లూ ఆ చుట్టుపక్కలవే. 1987లో దానికి జాతీయ చారిత్రక చిహ్నం హోదా వచ్చింది. అయితే ఆ దుంగల అందం వెనక ఇంకో కథ ఉంది. అంతకుముందే, ఆ అడవిలో బతికిన షోషోనీ తెగవాళ్లను రిజర్వేషన్లకు తరలించారు. అడవి రూపం భవనంలోకి వచ్చింది, అడవి మనుషులు బయటికి పోయారు.

పాపికొండల చరిత్రలో ఈ ముప్పు పాతదే. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద, కలప మీద ఆంక్షలు పెరిగాయి. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో లేచిన తిరుగుబాటుకు ఆ ఆంక్షలు, రోడ్ల పనుల్లో వెట్టి ముఖ్య కారణాలు. మరోవైపు కొండరెడ్లు కలప వర్తకుల అప్పుల్లో చిక్కి, వాళ్ల కోసం దుంగలు నరికారు. ఆ దుంగలే తెప్పలై గోదావరి మీదుగా రాజమహేంద్రవరం అడితీలకు చేరేవి. 1924లో మొదలైన అక్కడి కాగితం మిల్లుకు ఏజెన్సీ వెదురు ముడిసరుకైంది. మిల్లుకు దొరికిన వెదురు దాని పక్కనే పుట్టినవాడికి హక్కుగా దక్కడానికి 2006 అటవీ హక్కుల చట్టం దాకా పట్టింది. ఆ చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. ఈలోగా పోలవరం ప్రాజెక్టు వచ్చింది. జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఆ లెక్కలో మునిగే గూడేల వాళ్లకు పునరావాస కాలనీల్లో కాంక్రీటు ఇళ్లు ఇస్తున్నారు. అడవి దూరమైతే వెదురు ఎంచే కన్ను ఒక తరంలోనే పోతుంది.

కొండరెడ్లు గడ్డి కప్పుల కింద ఉండిపోవాలని వారసత్వం పేరు చెప్పి ఎవరూ అడగకూడదు. వాన కురవని స్లాబు వాళ్లూ కోరుకుంటారు, న్యాయమే. విడిదుల సంగతి వేరు. అక్కడ వెదురిల్లే కావాలని డబ్బిచ్చి వచ్చేది పర్యాటకుడు. అతనికి మన పార్కుల్లో తరచు దొరికేది మాత్రం దుంగ ఆకారంలో పోతపోసి, ముదురు రంగు పూసిన సిమెంటు. బొంగు చికెన్‌కు ఊరూరా బోర్డులు లేచాయి గానీ, ఆ బొంగుతో ఇల్లు కట్టేవాడికి పిలుపు రాలేదు.

విడిదులు సిమెంటు వైపు మొగ్గడానికి అభిరుచి ఒక్కటే కారణం కాదు, ఖాతా పుస్తకాలూ కారణమే. సిమెంటు గది ఒకసారి పెట్టే ఖర్చు. వెదురు గదికి కొన్నేళ్లకోసారి కప్పు మార్చాలి, తడికెలు మార్చాలి, ఆడిట్‌లో అది వృథా ఖర్చులా కనిపిస్తుంది. నిజానికి కొండరెడ్లకు పని దొరికేదీ, కుర్రాళ్లు ఆ పని నేర్చుకునేదీ ఆ ఖర్చుతోనే. రంపచోడవరం గిరిజనాభివృద్ధి సంస్థ, అటవీ, పర్యాటక శాఖలు కలిసి ఈ మరమ్మతును ఏటా బడ్జెట్‌లో ఒక పద్దుగా పెట్టి, టెండరు కాంట్రాక్టరుకు బదులు గూడెం సమితికి అప్పగించవచ్చు. నిప్పు భయం ఉన్నమాట నిజం. వంటశాలను దూరంగా కట్టి, వైర్లను గొట్టాల్లోంచి లాగితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. వంటశాల దూరమైతే కప్పుకు పొగ అందదు కాబట్టి, వెదురును ముందే బోరాక్స్ కలిపిన నీళ్లలో నానబెట్టాలి.