పాత పీఎస్4కి ఎస్ఎస్‌డీ దండగ కాదు

‘పదేళ్లు దాటిన పెట్టెకి కొత్త డిస్కు దేనికి? ఆ డబ్బు దాచుకుని కొత్త కన్సోల్ కొనుక్కో.’ వీడియో గేములాడే వాళ్ల మధ్య ఈ సలహా వేదవాక్కులా చెలామణీ అవుతోంది. ఇది తప్పుడు సలహా. చేతిలో డబ్బు తక్కువున్న వాళ్లకు నష్టం చేసే సలహా కూడా.

దీన్ని సమర్థించేవాళ్లు ఒక లెక్క చూపిస్తారు. సోనీ 2013లో తెచ్చిన మొదటి ప్లేస్టేషన్ 4 (పీఎస్4) కన్సోల్లో డిస్కు తగిలించే మార్గం సాటా-2. దాంట్లో సెకనుకు 300 మెగాబైట్లకు మించి పోదు. హార్డ్ డిస్కు బదులు పెట్టే ఎస్ఎస్‌డీ 500కి పైగా ఇవ్వగలదు కాబట్టి అందులో చాలా భాగం వృథా అంటారు. లెక్క నిజమే. దాని మీద చెప్పే తీర్పే తప్పు.

గేము లోడయ్యేటప్పుడు సమాచారమంతా ఒకేచోటి నుంచి వరసగా రాదు. గోడల బొమ్మలు ఒకచోట, శబ్దాలు ఒకచోట, మనుషుల రూపాలు మరోచోట ఉంటాయి. హార్డ్ డిస్కులో చదివే ముల్లు వీటన్నిటి కోసం అటూ ఇటూ పరిగెత్తాలి. పీఎస్4తో వచ్చిన డిస్కు నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్క చుట్టుకే 11 మిల్లీసెకన్లు. ముల్లు కదిలే సమయం దానికి అదనం. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, కదిలేదీ లేదు. కావలసిన ముక్క మిల్లీసెకనులో పదో వంతుకు అటూఇటూగా దొరుకుతుంది. కిరాణా కొట్టులో ఒక్కో సరుకుకీ ఒక్కో మూలకి నడిచే కుర్రాడు ఎంత పెద్ద సంచి పట్టుకున్నాడన్నది ముఖ్యం కాదు, ఎన్నిసార్లు నడిచాడన్నది ముఖ్యం. సాటా-2 పరిమితి సంచికి సంబంధించినది. మన బాధంతా నడకతో.

ఇది నా ఊహ కాదు. పీఎస్4, పీఎస్5 రెంటికీ రూపశిల్పి అయిన మార్క్ సెర్నీ 2020 మార్చిలో పీఎస్5 నిర్మాణాన్ని వివరిస్తూ ఈ సంగతి స్వయంగా చెప్పాడు. ముల్లు పరుగు తగ్గించడానికి 2018 నాటి స్పైడర్‌మ్యాన్ గేములో కొన్ని ముక్కల్ని డిస్కు మీద 400 సార్ల దాకా నకలు పెట్టాల్సి వచ్చిందట. 2015లో బ్లడ్‌బోర్న్ గేము వచ్చినప్పుడైతే, పాత్ర చచ్చిన ప్రతిసారీ తెర ముందు కాచుకోలేక ఆటగాళ్లు మొత్తుకున్నారు. ఆ నిరీక్షణ తగ్గించడానికి తయారీదారులు అప్‌డేట్ ఇచ్చారు.

ఎస్ఎస్‌డీ వల్ల ఫ్రేమ్ రేట్ పెరగదు. బొమ్మ నాణ్యత కూడా మారదు. ప్రాసెసర్ పాతదే కాబట్టి లోడింగ్ రెప్పపాటులో అయిపోదు. ఎంత తగ్గుతుందన్నది గేముని బట్టి ఉంటుంది. పెద్ద ఓపెన్ వరల్డ్ గేముల్లో తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఈ పరిమితులు చూపించి మొత్తం పనే వ్యర్థమనడం మాత్రం అన్యాయం.

పైగా, కన్సోల్లో నిత్యం తిరుగుతూ అరిగే భాగాలు కొన్నే. వాటిలో హార్డ్ డిస్కొకటి. పీఎస్4లో బ్లూరే కొన్నా గేము హార్డ్ డిస్కులోకే ఎక్కుతుంది, ఆడినంతసేపూ అక్కణ్నుంచే చదువుతుంది. ఏళ్ల తరబడి తిరిగిన ఆ డిస్కు ఎప్పుడో ఒకప్పుడు మొరాయించక తప్పదు. అది మొండికేసిందని మిగతా పెట్టెనంతా చెత్తలో పడేయడం ఏం న్యాయం? 2022లో ప్రపంచమంతా కలిసి 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగేసిందని ఐక్యరాజ్యసమితి లెక్క.

డిస్కు మార్చుకునే వీలు సోనీయే ఇచ్చింది. మొదటి మోడల్లో నిగనిగలాడే పైమూతని పక్కకి జరిపి ఒక్క స్క్రూ విప్పితే డిస్కు ట్రేతో సహా బయటికొస్తుంది. కొత్తది రెండున్నర అంగుళాలది, 9.5 మిల్లీమీటర్లకు మించని మందం గలది అయితే చాలు. సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ పూర్తి ఫైలుని పెన్ డ్రైవ్‌లో పెట్టి సేఫ్ మోడ్‌లో ఎక్కించాలి.

పీఎస్5 2021 ఫిబ్రవరిలో మన దేశంలోకి 49,990 రూపాయలకి వచ్చింది. పాత గేములు అందులోనూ ఆడతాయి, నిజమే. కానీ ఆడేవి ఆ పాత గేములే అయినప్పుడు, ఇంట్లో పెట్టె చక్కగా పనిచేస్తున్నప్పుడు, అంత సొమ్ము పెట్టమని ఎవరికైనా ఎలా చెబుతాం? కొత్త గేములే కావాలనుకునేవాళ్లు కొత్తది కొనుక్కోవచ్చు. మిగతావాళ్లు ఈ దండగ మాట పట్టించుకోకండి. ముందు సేవ్ ఫైళ్లు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి, ఆ తర్వాతే స్క్రూ విప్పండి.