‘తేడా’ అన్న మాట వెనుక

ఆ మధ్య మా సంఘ యువజన కూటంలో పిల్లలు చిన్న నాటిక వేశారు. ఒక కుర్రవాడు నడుము తిప్పుతూ, గొంతు సన్నం చేసి, తోటివాడి భుజం మీద చెయ్యి వేశాడు. ‘‘వీడు తేడా’’ అని మరొకడు అనగానే హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. రోజూ కుర్చీలు సర్దడానికి ఆగే ఒక అబ్బాయి ఆ రోజు ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. కారణం నేను అడగలేదు, ఊహించి చెప్పను కూడా. ఈ వేషం ఎక్కడ నేర్చుకున్నారని మాత్రం పిల్లల్ని అడిగాను. ‘‘సినిమాల్లో అంతే కదా అయ్యగారూ’’ అన్నారు.

నిజమే. 2000లో ‘చిత్రం’, ‘నువ్వే కావాలి’ విజయాలతో తెలుగులో కాలేజీ ప్రేమకథలు వరస కట్టాయి. 2007లో ‘హ్యాపీ డేస్’ వాటికి కొత్త ఊపునిచ్చింది. అన్ని చిత్రాలనూ ఒకే గాటన కట్టలేం గాని, యువత చూసే మన సినిమాల హాస్య సన్నివేశాల్లో ‘తేడా’ పాత్ర అచ్చుపోసినట్టే ఉంటుంది. పూల చొక్కా, వంకర నడక, హీరో వెంటపడడం, చివరికి చెంపదెబ్బ. అతనికి ఇల్లుండదు, తల్లి ఉండదు, చాలాసార్లు పేరు కూడా ఉండదు. అమ్మాయిని ప్రేమించే అమ్మాయి అసలు కనిపించడమే అరుదు. కనిపిస్తే మగరాయుడిలా ఉంటుంది, లేదా సరైన మగవాడు ఎదురైతే మారిపోతుంది.

ఈ మూసకు కారణం లేకపోలేదు. హాలీవుడ్‌లో 1934 నుంచి 1968 దాకా అమలైన నియమావళి స్వలింగ ప్రేమ ప్రస్తావననే నిషేధించింది. పేరు పెట్టి చెప్పలేనిదాన్ని నడకతో, దుస్తులతో సైగ చేసి చూపారు. నిషేధం పోయినా సైగ మిగిలింది. మన దగ్గర హాస్యానికి విడిగా ట్రాకు రాసే అలవాటుంది. రెండు నిమిషాల్లో నవ్వించాలంటే పాత్ర చూడగానే గుర్తుపట్టేలా ఉండాలి. అందుకే గే యువకుడు, హిజ్రా, కేవలం మృదువుగా మాట్లాడే కుర్రవాడు ముగ్గురూ తెరమీద ఒక్కటైపోయారు. నిజానికి ముగ్గురూ వేరు. కాని క్లాసులో ఎగతాళి ముగ్గురికీ ఒకటే.

మనిషిని వేషంతో కొలిచే ఈ చూపు సినిమావాళ్లతో పుట్టింది కాదు. నిజాం పాలనలో 1919లో మన ప్రాంతంలో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం హిజ్రా స్త్రీ వేషంలో వీధిలో కనిపిస్తే పోలీసులు వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. ఆ చట్టాన్ని 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. మా పాతబస్తీలో మదీనా దగ్గర, మూసీ ఒడ్డున ఉన్న భవనంలోనే. అంతకుముందే, 2018 సెప్టెంబరు 6న, వయోజనుల పరస్పర సమ్మతి సంబంధాలు నేరం కావని సుప్రీంకోర్టు 377వ సెక్షన్ కేసులో తేల్చింది. స్వలింగ వివాహ గుర్తింపును 2023 అక్టోబరు 17న నిరాకరించింది. ఆ పిటిషన్ వేసిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ మన హైదరాబాద్ వాసులే. అంటే వీళ్లు ఎక్కడో ఉన్నవాళ్లు కాదు, మన మధ్యనున్నవారే.

సినిమా మారలేదనీ అనలేం. 2018లో ‘లవ్, సైమన్’ వచ్చింది. హాలీవుడ్ పెద్ద స్టూడియో ఒక గే కుర్రవాణ్ణి కథానాయకుడిగా పెట్టి టీనేజ్ చిత్రం తీయడం అదే మొదలు. అదే ఏడాది తెలుగులో ప్రశాంత్ వర్మ ‘అ!’లో నిత్యామీనన్, ఈషా రెబ్బా పోషించిన జంట నవ్వులాటకు కాక ఆలోచనకు వచ్చింది. 2023లో మలయాళ ‘కాథల్’లో మమ్ముట్టి క్రైస్తవ కుటుంబంలోని గే వ్యక్తిగా నటించారు. ‘యాత్ర’లో వైఎస్‌గా మనం చూసిన నటుడే. ఆ పాత్రకు ఇల్లుంది, భార్య ఉంది, తండ్రి ఉన్నాడు, చర్చి ఉంది. అందుకే అతణ్ణి చూసి నవ్వడం కష్టం.

‘‘నవ్వుకోసమే కదా’’ అంటారు కొందరు. ‘‘మన బోధ మాటేమిటి?’’ అని మరికొందరు అడుగుతారు. వివాహం విషయంలో సంఘాల మధ్య భేదాలున్నాయి, ఆ చర్చ జరగాల్సిందే. కాని హేళనకు ఏ బోధా అనుమతి ఇవ్వదు. కొండమీది ప్రసంగంలో యేసుప్రభువు సహోదరుణ్ణి ‘వ్యర్థుడా’ అనడాన్ని కూడా నరహత్య ప్రస్తావనలోనే ఉంచాడు. ఒక్క మాట ఎంత దూరం పోతుందో ఆయనకు తెలుసు. అపొస్తలుల కార్యములలో ఐతియొపీయుడైన నపుంసకుడి రథం పక్కన ఫిలిప్పు పరుగెత్తాడు. నవ్వడానికి కాదు, అతని పక్కన కూర్చుని అతను అడిగినదానికి జవాబివ్వడానికి.

తన పిల్లవాడు అందరిలాంటివాడు కాడేమోనన్న అనుమానం వచ్చినప్పుడు, ఈ విషయమై చాలామంది తల్లిదండ్రులకు తెలిసిందల్లా ఆ హాస్య సన్నివేశమే. తెరమీద చెంపదెబ్బ చూసి వాళ్లు నవ్విన నవ్వు ఆ పిల్లవాడూ విన్నాడు. ఇక నోరు విప్పి ఎవరికి చెప్పుకుంటాడు?

కుర్చీలు సర్దే ఆ అబ్బాయి ఇప్పటికీ కూటానికి వస్తున్నాడు. వెనక వరసలో కూర్చుంటున్నాడు. తర్వాతి ఆదివారం నేను యువజనుల ముందు, ఆ రోజు నేను నవ్వడం తప్పని ఒప్పుకున్నాను. అతనికోసమని చెప్పలేదు. అక్కడ ఎవరికి అవసరమో దేవునికి తెలుసు.