గడియారం చూపే గుండె లెక్క

ఈ శీతాకాలంలో మా పెద్దబ్బాయి హైదరాబాదు నుండి వస్తూ, గుండె వేగాన్ని లెక్కించే గడియారమొకటి తెచ్చి మా మణికట్టుకు కట్టాడు. ఫజ్ర్ నమాజు తరువాత మిరప చేల నడుమ డొంకదారిన నడవడం మాకు చిరకాలపు అలవాటు. గడియారానికి ఆ నడక చాలలేదు. ఎంత నడిచినా 'మొదటి జోన్' అనే చూపేది. పట్టుదలకు పోయి వేగం పెంచాము. నాలుగవ నాడు కళ్ళు తిరిగి కాలువగట్టున కూలబడ్డాము.

ఒంగోలులో వైద్యుడు మొట్టమొదట అడిగిన ప్రశ్న, "రక్తపోటుకు ఏ మాత్ర వాడుతున్నారు?" అని. చీటీ చూపగానే ఆయనకు కారణం అర్థమైంది.

ఈ జోన్ల లెక్క కష్టమైనదేమీ కాదు. 220 నుండి వయస్సును తీసివేస్తే వచ్చే అంకెను, గుండె నిమిషానికి కొట్టుకోగల గరిష్ఠ సంఖ్యగా తీసుకుంటారు. మా వయస్సు 55 గనుక అది 165. అందులో 50 నుండి 60 శాతం వరకు మొదటి జోన్, 70 వరకు రెండవది, 80 వరకు మూడవది, 90 వరకు నాలుగవది, ఆపైన అయిదవది. మా వరకు రెండవ జోన్ 99 వద్ద మొదలవుతుంది. అయితే ఇది సగటు మాత్రమే. ఒకే వయస్సు గల ఇద్దరి మధ్య పది, ఇరవై తేడా ఉండడం వింత కాదు.

పైగా అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్రలు గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి. అవి వాడేవారు ఎంత శ్రమించినా అంకె అంతగా పెరగదు, శరీరం మాత్రం అలసిపోతుంది. మా విషయంలో జరిగింది అదే. అంకె కోసం ఎవరూ మాత్ర మానరాదు. తమకు తగిన అంకె ఏదో వైద్యుణ్ణే అడగాలి.

దీనికి భిన్నంగా ఎండ గుండె వేగాన్ని పెంచుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మిరపకాయలు కోసే తల్లుల చేతికి ఈ గడియారం కడితే పై జోన్లు చూపవచ్చు. చెమటతో ఒంటిలోని నీరు తగ్గి, వేడిని వెళ్ళగొట్టడానికి రక్తం చర్మం వైపు మళ్ళినందున గుండె వేగిరపడుతుంది. దానిని మంచి వ్యాయామమని మురిసిపోరాదు. నీడకు చేరి నీళ్ళు త్రాగాలి. రోజా ఉన్నవారు సాయంత్రపు ఎండలో వేగంగా నడవకుండా, ఇఫ్తార్ తరువాత నడవడం మేలు.

వేయి సంవత్సరాల క్రితమే ఇబ్ను సీనా తన 'అల్ ఖానూన్' గ్రంథంలో నబ్జ్ గురించి విపులంగా వ్రాశాడు. వయస్సు, ఋతువు, ఆహారం, నిద్ర, శ్రమలను బట్టి నాడి మారుతుందని వివరించాడు. గడియారానికి వీటిలో మన వయస్సు తెలుసు. మనం వేసుకునే మాత్ర సంగతి మనమే గుర్తుంచుకోవాలి.

వైద్యుడు మాకు చెప్పిన కొలత చాలా సులువైనది. నడుస్తూ ప్రక్కవారితో మాట్లాడగలగాలి, పాట పాడేంత ఊపిరి మాత్రం మిగలరాదు. రెండు మాటలకే ఆయాసం వస్తే వేగం తగ్గించాలి. ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం వంటివి కలిగితే నడక ఆపి వెంటనే వైద్యుణ్ణి కలవాలి.

గడియారం ఇప్పటికీ మా చేతికే ఉంది. అయితే ఈమధ్య మేము ఒంటరిగా నడవడం లేదు. మాట్లాడడానికి ఒక మిత్రుణ్ణి వెంటబెట్టుకొని వెళుతున్నాము.