మాట హిందీలో, బిల్లు అరబిక్‌లో

రియాద్‌లో కొత్తగా కాపురం పెట్టే తెలుగు కుటుంబం ముందు కొనేవి మంచం, పరుపు, సోఫా, బీరువా. షోరూమ్‌లో సేల్స్‌మన్ చాలాసార్లు మన దేశంవాడో, పాకిస్తానీయో అయివుంటాడు. అసలు టేకనీ, అయిదేళ్లు ఢోకా లేదనీ, గురువారానికల్లా ఇంటికి చేరుస్తామనీ హిందీలో భరోసా ఇస్తాడు. డబ్బు కట్టాక చేతికొచ్చే బిల్లు అరబిక్‌లో ఉంటుంది. వస్తువు పేరు, ధర, 15 శాతం వ్యాట్, కింద క్యూఆర్ కోడ్. ఏ కలపో, ఏ రోజుకు ఇస్తారో చాలా బిల్లుల్లో కనిపించదు. రేపు గొడవైతే అధికారి ముందు చూసేది ఆ కాగితమే.

సౌదీలో చట్టం పరదేశిని పట్టించుకోదన్న అభిప్రాయం మనవాళ్లలో బాగా నాటుకుపోయింది. అది తప్పు. 2008 నాటి వాణిజ్య మోసాల నిరోధక చట్టం ప్రకారం సరుకు రకం, స్వభావం, ముఖ్య లక్షణాల గురించి కొనేవాణ్ణి మోసగించడం నేరం. జరిమానాయే కాదు, జైలు కూడా పడొచ్చు. చెక్కపీచును అదిమి చేసిన ఎండీఎఫ్ పలకకు టేకు రంగు పొర అతికించి టేకని అమ్మితే అది ఈ చట్టం కిందికే వస్తుంది. ఫిర్యాదు చేయడానికి వాణిజ్య మంత్రిత్వ శాఖ నంబరు 1900 ఉంది. 2023 డిసెంబరులో అమల్లోకి వచ్చిన పౌర లావాదేవీల చట్టం, కొన్నప్పుడు బయటికి కనపడని లోపాలకు కూడా అమ్మినవాణ్ణే బాధ్యుణ్ణి చేసింది. అయితే లోపం కంటబడ్డాక జాప్యం చేయకుండా దుకాణానికి తెలియజేయాలి.

లొసుగు వేరే చోట ఉంది. 2019 నాటి ఈ-కామర్స్ చట్టం ప్రకారం ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును, వాడకుండా ఉంటే, అందిన ఏడు రోజుల్లోగా వెనక్కి ఇచ్చేయొచ్చు. రవాణా ఖర్చు మాత్రం సాధారణంగా మనదే. చెప్పిన గడువు దాటి 15 రోజులైనా సరుకు రాకపోతే ఒప్పందం రద్దు చేసుకుని డబ్బు వాపసు అడగొచ్చు. అదే సోఫాను షోరూమ్‌కి వెళ్లి కొన్నవాడికి ఈ ఏడు రోజుల హక్కు లేదు. లోపం లేని వస్తువును తిరిగి తీసుకోవడం దుకాణం పెట్టుకున్న నిబంధన మీద ఆధారపడి ఉంటుంది. ఇక కొలతలిచ్చి చేయించుకున్న వస్తువైతే ఆన్‌లైన్‌లో కొన్నా ఏడు రోజుల వెసులుబాటు వర్తించదు. అడ్వాన్సు తీసుకుని వారాల తరబడి తిప్పించుకునేది ఎక్కువగా ఈ ఆర్డర్ సరుకు దగ్గరే. ఆన్‌లైన్ కొనుగోలుదారుకు ఇచ్చిన గడువు రక్షణను దుకాణంలో అడ్వాన్సు కట్టినవాడికీ వర్తింపజేయడం న్యాయం. ఫర్నిచర్ బిల్లు మీద కలప రకం రాసి తీరాలన్న నిబంధన కూడా రావాలి.

ఇది చిన్న నష్టమని కొట్టిపారేయడానికి లేదు. విదేశీ ఉద్యోగి తన వెంట ఉంచుకునే కుటుంబ సభ్యుల కోసం ప్రభుత్వానికి కట్టే ఫ్యామిలీ లెవీ, 2017 జూలైలో మనిషికి నెలకు 100 రియాళ్లతో మొదలై 2020 నాటికి 400కు చేరింది. భార్య, ఇద్దరు పిల్లలకు ఆ లెక్కన ఏడాదికి 14,400 రియాళ్లు. ఆ భారం మోయలేక ఎన్నో కుటుంబాలు సామాను అయినకాడికి అమ్మి ఇంటిదారి పట్టాయి. అంత కట్టి ఇంటివాళ్లను దగ్గర ఉంచుకున్నవాడు ఒక్కో రియాల్ కూడబెట్టి కొన్న మంచం ఆరు నెలలకే కుంగిపోతే మళ్లీ ఎక్కణ్ణుంచి తెస్తాడు?

చట్టం మారేలోగా చేయదగింది ఒకటుంది. 2022లో అమల్లోకి వచ్చిన సాక్ష్యాధారాల చట్టం డిజిటల్ సందేశాలనూ సాక్ష్యంగా గుర్తించింది. సేల్స్‌మన్ నోటితో చెప్పిన ప్రతి మాటనూ, అంటే కలప పేరు, వారంటీ, డెలివరీ తేదీ, తిరిగి తీసుకునే షరతు, వాట్సాప్‌లో రాయించుకోవాలి. రాయనంటే ఆ మాట నమ్మదగింది కాదనే అర్థం. డెలివరీ రోజున మరింత జాగ్రత్త అవసరం. ఇంకా మూడు ఇళ్లకు వెళ్లాలంటూ డ్రైవర్ తొందరపెడతాడు, అరబిక్ కాగితం మీద సంతకం అడుగుతాడు. సరుకు బాగానే అందిందని దాని మీద ఉండొచ్చు. అట్టపెట్టెలు విప్పి, మూలలు తడిమి, ఫోటోలు తీసుకున్నాకే సంతకం పెట్టాలి. ఎండీఎఫ్ పలక అంచు ఒకసారి చిట్లితే మునుపటిలా అతకదు. ఆ చిట్లిన అంచు ఫిట్టింగ్‌కి ముందుదా, తర్వాతదా అన్నదాని మీదే తగువంతా నడుస్తుంది.

ఉగాదికీ, బతుకమ్మకూ వందల మందిని ఒకచోట చేర్చగల శక్తి అక్కడి తెలుగు సంఘాలకు ఉంది. కొనేవాడు అడగాల్సిన నాలుగు ప్రశ్నలను ఒకవైపు తెలుగులో, మరోవైపు అరబిక్‌లో అచ్చువేసి ఆ వేడుకల్లో పంచడానికి వాళ్లకయ్యే ఖర్చు బహు స్వల్పం. ఈ పని వచ్చే ఉగాదికే మొదలుపెట్టొచ్చు.