వీధిలో వెలసిన కేకుల దుకాణం

పట్టణంలో ఏ వీధిలోనైనా కొత్తగా పేస్ట్రీ దుకాణం తెరిచారంటే మొదటి వారమంతా అక్కడ తిరునాళ్ల సందడి కనిపిస్తుంది. దీపాల వెలుగులో, అద్దాల అరలలో బ్లాక్ ఫారెస్ట్, పైనాపిల్, బటర్‌స్కాచ్ కేకులు వరుస తీరి ఉంటాయి. సాయంత్రపు నడకకు బయలుదేరిన వృద్ధులు, ట్యూషన్ ముగించుకొని వచ్చే విద్యార్థులు, పిల్లల చేయి పట్టుకొన్న తల్లులు తలా ఒక ముక్క కొని రుచి చూస్తారు. "ఎలా ఉందండీ?" అని యజమాని ఆత్రంగా అడుగుతాడు. "బాగుందండీ" అని అందరూ ఒకే మాట చెబుతారు. ఆ మాటలో మర్యాద ఉన్నది గాని తీర్పు లేదు.

ఇది విచిత్రమే. తీపి వంటకాల విషయంలో తెలుగువారు సామాన్యులు కారు. సున్నుండ నోట వేసుకోగానే మినుములు సరిగా వేగలేదనో, నెయ్యికి బదులు డాల్డా పడిందనో చెప్పగల పెద్దలు ఎన్నో ఇళ్లలో ఉన్నారు. కాకినాడ కాజాను కొరికితే లోపలి పాకం నోట్లోకి జారాలి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకు నాలుకపై ఇట్టే కరగాలి. ఈ ప్రమాణాలను ఎవరూ బడిలో బోధించలేదు. తరతరాలుగా తిన్నవారే స్థిరపరచారు. ఇంతటి అభిరుచి గలవారు కేకు ముందు నిలిచేసరికి మౌనం వహిస్తారు. అది పరదేశపు వంటకమనీ, దాని మంచిచెడ్డలు తమకేం తెలుస్తాయనీ సంకోచం. ఆ సంకోచం అనవసరం.

కేకుకు ప్రాణం స్పాంజి. గుడ్లు, చక్కెర కలిపి గిలకొట్టినపుడు అందులో చేరిన గాలిబుడగలు ఓవెన్ వేడికి వ్యాకోచిస్తాయి. గుడ్డులోని మాంసకృత్తులు గట్టిపడి ఆ బుడగల చుట్టూ గోడలుగా నిలుస్తాయి. గుడ్డు లేని కేకులో పెరుగులోని ఆమ్లం వంటసోడాతో కలిసినపుడు వెలువడే కార్బన్ డై ఆక్సైడ్ వాయువు పిండిని పొంగిస్తుంది. ఈ పని నేర్పుగా జరిగితే చెంచాతో నొక్కిన చోట స్పాంజి మళ్లీ పైకి లేస్తుంది. జరగకపోతే పిండిముద్దలా పళ్లకు అంటుకుంటుంది. సోడా మోతాదు మించితే సబ్బు రుచి తగులుతుంది. ఇడ్లీ మెత్తదనాన్ని వేలితో నొక్కి చెప్పగలవారికి ఇదేమంత కష్టమైన పరీక్ష?

క్రీము సంగతి మరింత ముఖ్యమైనది. పాలమీగడతో చేసిన క్రీము చల్లదనంలోనే నిలుస్తుంది. తెలుగునాట వేసవిలో బల్లమీద ఉంచితే కొద్దిసేపటికే జారిపోతుంది. అందుచేత అనేక దుకాణాలలో హైడ్రోజన్ చేర్చి గట్టిపరచిన పామ్ గింజల నూనెతో తయారైన క్రీమును వాడతారు. దానితో గులాబీలు తీర్చవచ్చు, అంతస్తులు కట్టవచ్చు. ధర కూడా తక్కువ. అయితే తిన్న తరువాత అంగిలికి ఒక జిడ్డుపొర అంటుకొని చాలాసేపు వదలదు. నూనెలు, కొవ్వులలోనూ, వాటితో చేసిన పదార్థాలలోనూ ట్రాన్స్ కొవ్వు 2 శాతానికి మించరాదన్న నిబంధన 2022 నుంచి దేశంలో అమలులో ఉన్నది. దానివల్ల ఆరోగ్యానికి కొంత రక్షణ కలిగింది. రుచిని కాపాడే చట్టం మాత్రం ఏదీ లేదు.

దుకాణదారుని వైపునుంచి కూడా చూడాలి. అప్పు చేసి ఓవెన్, ఫ్రిజ్ కొన్నవాడు, నెలనెలా అద్దె చెల్లించవలసినవాడు మొదట్లో ఎంతో శ్రద్ధగా వెన్న, పాలమీగడ వాడవచ్చు. కాని పాలమీగడ కేకుకూ, నూనె క్రీము కేకుకూ దొరికేది ఒకే "బాగుందండీ" అయినప్పుడు ఖరీదైన సరుకు తేవడానికి అతనికి కారణమేముంటుంది? కొన్నాళ్లకు మీగడ మాయమవుతుంది. ఆ తరువాత కల్తీ అనీ, మోసమనీ అతనిని నిందించడం అంత న్యాయం కాదు. (పుట్టినరోజు కేకును తినకుండా ముఖాలకు పూసే వేడుకల్లో రుచి ప్రసక్తే రాదు; అందుకు ఏ క్రీమైనా చాలును.)

పాలమీగడ కేకు అందరూ కొనగలిగినది కాదన్న మాటలో నిజం ఉన్నది. అటువంటివారు క్రీము లేని సాదా వెన్న కేకు ముక్క అడగవచ్చు. పైన ఏ అలంకారమూ ఉండదు కనుక తయారీలోని లోపం దాగదు, నేర్పూ దాగదు. హైదరాబాదు ఇరానీ హోటళ్లలో ఉస్మానియా బిస్కెట్టుకు కలిగిన ఆదరణ రంగుల వల్ల గాని పూల వల్ల గాని వచ్చినది కాదు.

క్రీము పాలదా, నూనెదా అని అడిగితే యజమాని నొచ్చుకుంటాడని కొందరు వెనుకాడతారు. మిఠాయి దుకాణంలో "నేతి మిఠాయేనా?" అని అడగడానికి ఎవరూ వెనుకాడరు. అదే ప్రశ్న ఇక్కడ మొదటి నెలలోనే వేయాలి. ఏ సరుకు తేవాలో, ఏ పాళ్లలో కలపాలో కొత్త దుకాణంలో ఇంకా స్థిరపడని రోజులవి.