వారం వారం... ఓ పాఠం!

వారపత్రికల్లో సీరియల్ సరిగ్గా రంజుగా ఉన్నచోటే ఆగిపోయేది. పాఠకులు విసుక్కునేవారు. అయినా ఏడు రోజులు ఎదురుచూసి మళ్లీ కొనేవారు. అదే నవలగా వస్తే..? కొని అలమరలో దాచుకున్నవాళ్లే ఎక్కువ! ఆన్‌లైన్ చదువులకూ ఈ కిటుకే అక్కరకొచ్చింది.

అమెరికాలోని ఎంఐటీ తన పాఠాలను ఉచితంగా నెట్‌లో పెడతానని 2001లో ప్రకటించింది. మన ఐఐటీలూ బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో ‘ఎన్‌పీటెల్’ మొదలుపెట్టాయి. రెండూ గొప్ప ఖజానాలే. కాకపోతే ‘ఎప్పుడైనా చూడొచ్చులే’ అనుకున్న పాఠం రేపటికి వాయిదా పడుతుంది. ఆ రేపు ఎల్లుండవుతుంది.

2011లో స్టాన్‌ఫర్డ్ తరఫున సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధపై కోర్సు పెట్టారు. ఏ వారం పాఠాలు ఆ వారమే! వీడియోలన్నీ కొద్ది నిమిషాలవే. మధ్యమధ్య ప్రశ్నలు. హోంవర్క్‌కి గడువు. దాదాపు 1,60,000 మంది పేరిస్తే 20 వేలమందికి పైగా చివరిదాకా నిలిచారు. ‘ఎనిమిదో వంతేనా’ అనిపించొచ్చు. కానీ అంతమంది పట్టే తరగతి గది ఎక్కడుంది?

ఎన్‌పీటెల్ కూడా 2014లో సర్టిఫికెట్ కోర్సులు ప్రారంభించి ఇదే దారి పట్టింది. నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల కోర్సులు. వారంవారం పాఠాలు, అసైన్‌మెంట్లు. వాటికి 25 మార్కులు, చివర కేంద్రానికెళ్లి రాసే పరీక్షకు 75.

మరి రాత్రి డ్యూటీ చేసే నర్సు ఒక వారం గడువు తప్పితే? జ్వరమొచ్చిన కుర్రాడి సంగతి? అందుకూ ఓ వెసులుబాటుంది. పన్నెండు అసైన్‌మెంట్లలో మంచి మార్కులొచ్చిన ఎనిమిదే లెక్కలోకి తీసుకుంటారు. ఎనిమిది వారాల కోర్సయితే ఆరు. గడువు ఉండాలి, కానీ మెడకు ఉరితాడు కాకూడదు. వారాలు లెక్కపెట్టడం ఇష్టంలేనివాళ్లకి పాత పాఠాలు యూట్యూబ్‌లో ఎటూ ఉన్నాయి. సర్టిఫికెట్ రాదు, చదువొస్తుంది.

ఒక చిన్న పని మాత్రం ఇంట్లోనే జరగాలి. పిల్లలు కోర్సులో చేరిన రోజే అసైన్‌మెంట్ల గడువు తేదీలన్నీ గోడమీది క్యాలెండర్లో పాల లెక్క పక్కనే రాసిపెట్టాలి. పాలు రాని రోజు ఇల్లంతటికీ తెలుస్తుంది. పాఠం వినని వారమూ అలాగే తెలియాలి మరి!